అంగవైకల్య శాతము - ఆర్జన నష్టము

మోటారు ప్రమాదములో ఎడమచేయి కోల్పోయిన వానికి 60 శాతము అంగవైకల్యమని వైద్యుడు ధ్రువపత్ర మిచ్చినాడనుకొందము. అంతమాత్రమున అతని సంపాదనలో 60 శాతమే పోయినదనవచ్చునా? అతడు డ్రైవరో, వడ్రంగియో అయినచో బ్రతుకుతెరువు దాదాపు పూర్తిగా పోయినట్లే. ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తా అయినచో ఉద్యోగము నిలిచియుండవచ్చును. 2010 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పున ఈ ఉదాహరణముతోనే విషయమును విశదపరచినది.

అవయవమునకు కలిగిన నష్టమెంతయో చెప్పుట వైద్యుని పని. దానివలన ఆర్జన ఎంత తగ్గినదో తేల్చవలసినది మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునలు. క్షతగాత్రుని వయస్సెంత, పూర్వమేమి పని చేసెడివాడు, ఇప్పుడేమి చేయగలడు అని అది విచారింపవలెను. వైద్యుడు చెప్పిన శాతము ఒక్క అవయవమునకా, యావద్దేహమునకా అన్నదియు చూడవలెను. కుడిచేతికి 60, ఎడమకాలికి 80 అన్నచో దేహమునకు 140 శాతమనుట పొసగదు కదా!

చికిత్స చేయకయే అడిగినంతనే పత్రమిచ్చు వైద్యులున్నారు. అట్టి పత్రముల విషయమున జాగరూకత వహింపవలెననియు, అవసరమైనచో వైద్యమండలి అభిప్రాయము కోరవచ్చుననియు ఆ తీర్పే చెప్పినది. వైద్యుని సాక్ష్యమునకు రప్పించుట కష్టమే. అయినను, ఆయనను ప్రశ్నించు అవకాశము ఎదుటి పక్షమునకు లేనిచో ఉత్త పత్రము నిలువదు.

ట్రిబ్యునలు నిర్ణయము అన్యాయమని తోచినచో, 1988 మోటారు వాహనముల చట్టము 173వ సెక్షను ననుసరించి సాధారణముగా 90 దినములలో హైకోర్టుకు అప్పీలు చేసికొనవచ్చును. శాతమును వృత్తితో సరిగా పోల్చి చూచినారా, లేదా అన్న ప్రశ్న అక్కడ మరల విచారణకు వచ్చును.