ఈతచెట్టూ, ఖర్జూరం చెట్టూ

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో నల్లరేగడి చేల మధ్య పారే వాగుల ఒడ్డున ఈతచెట్లు ఉంటాయి. వాటిని ఎవరూ నాటలేదు. ఎవరూ నీళ్ళు పోయరు. వేసవి చివర కాసే ఈతపళ్ళు పిల్లలు రాళ్ళు విసిరి రాల్చుకుంటారు. పండు పేరుకే, లోపలంతా గింజే!

అదే ఆదోని బజారులో రంజాను నెలలో ఖర్జూరాలు కుప్పలుగా అమ్ముతారు. ఈ రెండు చెట్లూ దగ్గరి చుట్టాలంటే మీరు నమ్ముతారా? రెండూ ఫీనిక్స్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. రెండిటిలోనూ ఆడచెట్లు వేరు, మగచెట్లు వేరు. ఆకు మొదట్లో సూదుల్లాంటి ముళ్ళు రెండిటికీ ఉంటాయి. ఈత నుంచే ఖర్జూరం పుట్టిందని ఒకప్పుడు కొందరు శాస్త్రజ్ఞులు అనుకొన్నారు. అది నిజం కాదనీ, ఇవి దగ్గరి బంధువులు మాత్రమేననీ ఇప్పుడు తెలిసింది.

మరి వీటిలో దేనికి ముప్పు ఎక్కువ? ఇక్కడే ఒక వింత ఉన్నది. ఖర్జూరాన్ని మనుషులు వేల ఏళ్ళుగా పెంచుతున్నారు. తోటల్లో లక్షల చెట్లున్నాయి. కాని మనిషి నాటని అసలైన అడవి ఖర్జూరం బహు అరుదు. ఒమాన్ దేశపు కొండల్లో అటువంటి చెట్లున్నట్టు 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఈత సంగతి దీనికి సరిగా తలకిందులు: అడవిచెట్టుగా దేశమంతటా ఉన్నది, దాన్ని తోటలు వేసి పెంచేవాళ్ళు మాత్రం తక్కువ.

అందువల్ల ఈతకు ఒక చిక్కు వచ్చింది. ఖర్జూరం మొదట్లో పిలకలు వేస్తుంది. పిలక తీసి నాటితే తల్లిచెట్టులాంటి చెట్టే వస్తుంది. ఈతకు సాధారణంగా పిలకలు ఉండవు. ఒకే మాను, తలమీద ఒకే మొవ్వు. తినడానికి మొవ్వు నరికితే చెట్టు చచ్చినట్టే. ఇక గింజే దిక్కు. నక్కలూ పక్షులూ పళ్ళు తిని గింజల్ని దూరంగా పడవేస్తాయి. వాగు ఒడ్డు చదునుచేసి చేలో కలుపుకొంటే ఆ గింజకు చోటేదీ? జాతి అంతరించదు గాని, ఆ వాగుకు మాత్రం ఈతచెట్లు ఉండవు. చాపలకూ, బుట్టలకూ, చీపుళ్ళకూ ఆకు దూరం నుంచి తెచ్చుకోవాలి.

తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం కింద చెరువుగట్లమీద ఈతమొక్కలు నాటించారు. మంచి పనే, కాని మొక్క కల్లు గీయడానికి పనికివచ్చేసరికి ఏళ్ళు గడుస్తాయి.

గీసిన ఈతచెట్టును మీరు సులభంగా గుర్తుపట్టవచ్చు. తాటికి గెల గీస్తారు, ఈతకు మానునే గీస్తారు. ఒక ఏడు ఒకవైపు, మరుసటేడు రెండోవైపు గాటు పెడతారు. అందుకే మాను వంకరటింకరగా మెట్లు మెట్లుగా కనబడుతుంది. ఆ గాట్లు లెక్కపెడితే దాన్ని ఎన్నేళ్ళు గీశారో తెలుస్తుంది.