మన ఊరి ఇసుక ఫిల్టరు: చెరువు నీరు తాగునీరుగా ఎలా మారుతుంది?

కృష్ణా, గోదావరి డెల్టాలో చాలా ఊళ్ళకు కాలువ నీరే తాగునీరు. కాలువ వదిలినప్పుడు మంచినీటి చెరువు నింపుకుంటాం. వేసవిలో కాలువ కట్టేశాక ఆ చెరువే దిక్కు. ఆ నీళ్ళలో మట్టి, నాచు, కంటికి కనిపించని రోగ క్రిములు ఉంటాయి. అందుకే చెరువుకు, వాటర్ ట్యాంకుకు మధ్య ఇసుక ఫిల్టరు కడతారు.

ఫిల్టరు లోపల ఏముంటుంది?

అది ఒక పెద్ద సిమెంటు తొట్టి. అడుగున నీరు బయటికి పోయే దారులు, వాటి మీద కంకర, ఆ పైన సుమారు ఒక మీటరు మందాన సన్న ఇసుక. చెరువు నీరు ఇసుక మీద నిలబడి మెల్లగా కిందికి దిగుతుంది. గంటకు దాదాపు 10 సెంటీమీటర్లే! ఈ లెక్కన ఒక చదరపు మీటరు ఇసుక రోజంతా నడిస్తే 2,400 లీటర్లు ఇస్తుంది. జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు అనుకుంటే, అది 43 మందికి సరిపోతుంది.

ఇసుక క్రిములను ఎలా ఆపుతుంది?

బట్టతో వడకట్టినట్టే అనుకుంటాం. అది సగమే నిజం. మట్టిని ఇసుక ఆపుతుంది. కానీ క్రిములు ఇసుక సందుల కంటే ఎంతో చిన్నవి. వాటి పని పట్టేది ఇసుక పైన ఏర్పడే జిగురు పొర. అందులోని మేలు చేసే సూక్ష్మజీవులు రోగ క్రిములను తినేస్తాయి. పాలు తోడుకోవడానికి టైము పట్టినట్టే ఈ పొర తయారవడానికి కూడా కొన్ని రోజులు పడుతుంది.

ఫిల్టరు శుభ్రం చేసినప్పుడు నీళ్ళు ఎందుకు తగ్గుతాయి?

పొర బాగా మందమైతే నీరు దిగదు. అప్పుడు పైన రెండు మూడు సెంటీమీటర్ల ఇసుక గీకి తీస్తారు. కొత్త పొర ఏర్పడే దాకా ఆ బెడ్డు నీరు తాగడానికి వదలకూడదు. ఆ రోజుల్లో పక్క బెడ్డు మీదే ఊరంతా ఆధారపడాలి. కాబట్టి “ఫిల్టరు లేకపోయినా ఫర్వాలేదు, నేరుగా వదిలెయ్” అని ఆపరేటరును ఒత్తిడి చేయకండి.

1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరం ఎల్బే నది నీటిని వడపోయకుండా సరఫరా చేసింది. కలరాతో 8,000 మందికి పైగా చనిపోయారు. పక్కనే ఉన్న ఆల్టోనా కూడా అదే నది నీరు తాగింది, కానీ ఇసుకలో వడపోసి. అక్కడ నష్టం చాలా తక్కువ.

ఫిల్టరు ఏం చేయలేదు?

ఉప్పదనం, ఫ్లోరైడ్ ఇసుకతో పోవు. ఫిల్టరు దాటాక పైపుల్లో కలిసే క్రిముల కోసం క్లోరిన్ కలుపుతారు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. కాబట్టి కొద్దిగా బ్లీచింగ్ వాసన వస్తే కంగారు పడకండి.

మీరు చేయాల్సినవి

• మంచినీటి చెరువులో బట్టలు ఉతకకండి, పశువులను దించకండి.
• కుళాయి పైపుకు మోటారు బిగించకండి. లీకుల దగ్గర మురుగు లోపలికి లాగుతుంది.
• నీరు రంగు మారినా, చెడు వాసన వచ్చినా మరిగించి చల్లార్చి తాగండి. వెంటనే సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంట్‌కు చెప్పండి.
• నీటి పరీక్షలో శిక్షణ పొందిన మహిళలు మీ ఊళ్ళో ఉంటే, మీ కుళాయి నీటిని కిట్‌తో పరీక్షించమని అడగండి.