కాగితాలు లేనంత మాత్రాన

ఐరోపా సమాఖ్య దేశాల్లో అనుమతి లేకుండా ఉంటున్న విదేశీయులను ఎలా వెనక్కి పంపాలో చెప్పే చట్టం రిటర్న్ డైరెక్టివ్. 2008 డిసెంబరులో వచ్చింది. వీసా గడువు దాటినా ఉండిపోయినవాళ్లు, ఆశ్రయం కోరితే దొరకనివాళ్లు, దొంగదారిన సరిహద్దు దాటినవాళ్లు దీని కిందికి వస్తారు.

ముందుగా, తనంతట తాను వెళ్లిపోవడానికి మనిషికి మామూలుగా 7 నుంచి 30 రోజుల వ్యవధి ఇవ్వాలి. వెళ్లకపోతే బలవంతంగా పంపుతారు. మళ్లీ రాకుండా సాధారణంగా 5 ఏళ్ల వరకు నిషేధం పెడతారు.

పేచీ అంతా నిర్బంధం దగ్గరే. పంపే ఏర్పాట్లు సాగుతుండాలి, మెతక మార్గమేదీ పనికిరాకపోవాలి, అప్పుడే నిర్బంధించాలి. గడువు 6 నెలలు. ఆ మనిషి సహకరించకపోయినా, స్వదేశం నుంచి పత్రాలు ఆలస్యమైనా మరో 12 నెలలు పొడిగించవచ్చు. ఏ నేరానికీ శిక్ష పడని మనిషికి ఏడాదిన్నర నిర్బంధమంటే చిన్న విషయం కాదు. అందుకే అప్పటి బొలీవియా అధ్యక్షుడు ఈవో మొరాలెస్ 2008లో దీన్ని ఖండిస్తూ బహిరంగ లేఖ రాశారు.

ఈ చట్టానికి గీత గీసింది బల్గేరియా కేసు. చెచెన్యాకు చెందిన ఒక వ్యక్తిని 2006 నవంబరులో సోఫియా దగ్గరి నిర్బంధ కేంద్రంలో పెట్టారు. అతని దగ్గరున్న తాత్కాలిక గుర్తింపు పత్రాన్ని రష్యా ఒప్పుకోలేదు. మరో దేశమూ తీసుకోలేదు. పంపే చోటు లేదు, వదిలే ఉద్దేశమూ లేదు. అలా ఏళ్లు గడిచాయి. పత్రాలు లేవు, దురుసుగా ప్రవర్తిస్తాడు, బయట బతుకుతెరువు లేదు అన్నవి నిర్బంధాన్ని కొనసాగించడానికి చూపిన కారణాలు. గరిష్ఠ గడువు దాటాక ఇవేవీ చెల్లవని, వెంటనే వదిలిపెట్టాలని 2009 నవంబరు 30న లక్సెంబర్గ్‌లోని సమాఖ్య న్యాయస్థానం చెప్పింది. నిర్బంధం పంపడానికే గాని, శిక్షించడానికి కాదన్నది ఇక్కడ అసలు సూత్రం. వెళ్లమన్నా వెళ్లనందుకే ఇటలీ జైలుశిక్ష వేయడాన్నీ 2011లో అదే న్యాయస్థానం తప్పుపట్టింది.

ఎక్కడికి పంపుతారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. చిత్రహింసల ముప్పు నిజంగా ఉన్న చోటికి ఎవరినీ పంపకూడదు. ఇందులో భారతదేశానికీ ఒక ముడి ఉంది. దేశభద్రతకు ముప్పంటూ బ్రిటన్ పంపించేయబోయిన ఒక సిక్కు కేసులో, 1996లో స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానం అతన్ని భారత్‌కు పంపరాదంది. ఎంత ప్రమాదకారి అయినా ఈ రక్షణ తగ్గదని తేల్చింది. అప్పటికి అతను 6 ఏళ్లకు పైగా నిర్బంధంలోనే ఉన్నాడు.

2025 మార్చిలో ఐరోపా కమిషన్ కొత్త నిబంధనలు ప్రతిపాదించింది. వాటిలో నిర్బంధం గడువు 24 నెలలు. సమాఖ్య బయటి దేశాలతో ఒప్పందం చేసుకొని, పంపాల్సిన వాళ్లను అక్కడి కేంద్రాలకు తరలించే ఏర్పాటు కూడా ఉంది. తోడు లేని పిల్లలను, పిల్లలున్న కుటుంబాలను మాత్రం ఆ తరలింపు నుంచి మినహాయించారు.