అమ్మ ఫోన్‌లో లినియేజ్ ఓఎస్: యాడ్స్ పోయాయి, బ్యాంకు యాప్ కూడా పోయింది

పోయిన దసరాకి ఊరెళ్ళినప్పుడు అమ్మ తన ఫోన్ నా చేతికిచ్చి, "ఏరా, బ్యాంకు వాళ్ళు రెండు లక్షలు లోన్ ఇస్తామంటున్నారు, ఇది నిజమేనంటావా?" అని అడిగింది.

తీసుకుని చూశాను. అది బ్యాంకు మెసేజ్ కాదు. ఫోన్‌తో పాటే వచ్చిన ఫైల్ మేనేజర్ యాప్ పంపిన నోటిఫికేషన్. దాన్ని నొక్కితే ఊరూ పేరూ లేని ఒక లోన్ యాప్ పేజీ తెరుచుకుంది. అమ్మ అప్పటికే అందులో తన పేరు, ఫోన్ నంబర్ టైప్ చేసింది. ఆధార్ నంబర్ అడిగిన చోట మాత్రం ఆగి, నన్ను అడుగుదామని పక్కన పెట్టింది. అడగకపోయి ఉంటే?

ఎవరో తెలియనివాళ్ళు పంపిన లింక్ నొక్కొద్దని అమ్మకి వందసార్లు చెప్పాను. తను వింది కూడా. కానీ ఫోనే పంపితే ఏం చేస్తుంది? ఫైల్స్ చూసుకునే యాప్ నుంచి లోన్ ప్రకటన వస్తుందని ఆవిడ ఎందుకు అనుకోవాలి?

ఫోన్ మనది, స్క్రీన్ ఎవరిది?

నిజానికి ఆ ఫోన్ నాదే. 2020లో, బీటెక్ ఆఖరి సంవత్సరంలో ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ డబ్బులతో కొన్నాను. 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్. కంపెనీ పేరు చెప్పను. బడ్జెట్ ఫోన్లు వాడినవాళ్ళు ఎవరి అనుభవంతో వాళ్ళు ఖాళీ నింపుకోవచ్చు. ఉద్యోగం వచ్చాక నేను కొత్తది కొనుక్కుని, దీన్ని అమ్మకిచ్చాను.

హార్డ్‌వేర్‌కి ఏ లోటూ లేదు. స్క్రీన్ మీద గీత పడలేదు, బ్యాటరీ ఒకసారి మార్పించాను. తలనొప్పంతా సాఫ్ట్‌వేర్‌తోనే. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్ 12 దగ్గర ఆగిపోయింది. సెక్యూరిటీ ప్యాచ్‌లు వచ్చి రెండేళ్ళు దాటింది. అప్‌డేట్లు ఆగాయి గానీ యాడ్స్ మాత్రం ఆగలేదు. లాక్‌స్క్రీన్ మీద వాల్‌పేపర్ పేరుతో ఒక యాడ్. యాప్ ఇన్‌స్టాల్ చేస్తే "స్కాన్ పూర్తయింది" అంటూ దాని కింద ఇంకో యాడ్. సెట్టింగ్స్‌లో ఒక్కొక్కటీ వెతికి ఆఫ్ చేశాను. కానీ ఆ ఫైల్ మేనేజర్ స్విచ్ నా కంటికి పడలేదు.

కొత్త ఫోన్ కొనిస్తే సరిపోయేది కదా అంటారేమో. కొనివ్వగలను. కానీ బాగా పనిచేస్తున్న ఫోన్‌ని, దాన్ని తయారుచేసిన కంపెనీకి ఆసక్తి పోయిందన్న ఒక్క కారణంతో చెత్తలో పడేయడం నాకు మింగుడుపడలేదు. పైగా అదే ధరలో వచ్చే కొత్త ఫోన్‌లోనూ ఇదే కథ మొదలవదని గ్యారంటీ లేదు.

ఈ మధ్య పరిస్థితి కాస్త మారుతోంది, అది కూడా చెప్పాలి. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఎస్24తో ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామన్నాయి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త నియమం అమల్లోకి వచ్చింది: ఒక మోడల్ అమ్మకాలు ఆగాక కూడా కనీసం ఐదేళ్ళు ఓఎస్ అప్‌డేట్లు అందుబాటులో ఉంచాలి. మంచిదే. కానీ అమ్మ ఫోన్ పిక్సెల్ కాదు, మా ఊరు యూరప్‌లో లేదు.

పాత ఫోన్‌కి కొత్త ఆండ్రాయిడ్ ఎలా వస్తుంది?

ఆండ్రాయిడ్ అసలు కోడ్ ఓపెన్ సోర్స్. ఏఓఎస్‌పీ పేరుతో గూగుల్ విడుదల చేస్తుంది, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. ఫోన్ కంపెనీలు చేసేదీ అదే. దాని మీద తమ స్కిన్ వేసి, తమ యాప్‌లు కూరి, మనకి అమ్ముతాయి. కంపెనీ పక్కకు తప్పుకుంటే అదే పని వాలంటీర్లు చేయొచ్చు.

2009లో స్టీవ్ కొండిక్ మొదలుపెట్టిన సయనోజన్‌మాడ్ అలాంటిదే. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్ కోసం మొదలైంది. మన దగ్గర 2015లో యు యురేకా కొన్నవాళ్ళకి ఈ పేరు గుర్తుండే ఉంటుంది, అది సయనోజన్ ఓఎస్‌తోనే వచ్చింది. దాని వెనకున్న కంపెనీ 2016 చివర్లో చేతులెత్తేసింది. కోడ్ ఓపెన్‌గా ఉంది కాబట్టి డెవలపర్లు దాన్నే తీసుకుని లినియేజ్ ఓఎస్ అని కొత్త పేరు పెట్టి కొనసాగించారు. నాకు ఓపెన్ సోర్స్ మీద నమ్మకం కుదిరింది ఈ కథతోనే. కంపెనీ మూతపడినా ప్రాజెక్ట్ చావలేదు.

అమ్మ ఫోన్ మోడల్ లినియేజ్ అధికారిక జాబితాలో ఉంది. ఆండ్రాయిడ్ 15 మీద తయారైన వెర్షన్ 22 దొరికింది. ఇది ముందు చూసుకోవాల్సిన విషయం. మీ మోడల్ జాబితాలో లేకపోతే, ఎవరో టెలిగ్రామ్ గ్రూపులో పెట్టిన ఫైల్‌తో ప్రయోగాలు చేయకండి. అందులో ఏం కలిపారో మీకు తెలియదు.

ఒక మధ్యాహ్నం అనుకున్నది రెండు రోజులైంది

మొదటి పని బూట్‌లోడర్ అన్‌లాక్ చేయడం. ఫోన్ ఆన్ అవ్వగానే ముందుగా నడిచే చిన్న ప్రోగ్రామ్ ఇది. లాక్‌లో ఉన్నంతవరకు కంపెనీ సంతకం ఉన్న ఓఎస్‌నే నడవనిస్తుంది. అన్‌లాక్ చేస్తే ఫోన్‌లో ఉన్న డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఇది బగ్ కాదు. ఫోన్ కొట్టేసినవాడు అన్‌లాక్ చేసి మీ ఫోటోలు చూడకుండా పెట్టిన ఏర్పాటు.

కొన్ని కంపెనీలు అన్‌లాక్‌కి రోజుల తరబడి ఎదురుచూడమంటాయి, కొన్ని అసలు ఒప్పుకోవు. నా అదృష్టం కొద్దీ మా ఫోన్‌కి ఎదురుచూపు ఏడు రోజులే. హైదరాబాద్ నుంచే అప్లై చేసి, తర్వాతి వారం మళ్ళీ ఊరెళ్ళాను. అమ్మ ఫోటోలు, కాంటాక్టులు, వాట్సాప్ బ్యాకప్ అన్నీ ల్యాప్‌టాప్‌లోకి తీశాక మొదలుపెట్టాను.

అన్‌లాక్, రికవరీ ఫ్లాష్, ఓఎస్ ఇన్‌స్టాల్, అన్నీ అరగంటలో అయిపోయాయి. లోగో రాగానే ఎగిరి గంతేసినంత పనిచేశాను. అక్కడే తప్పు చేశాను. లినియేజ్‌లో ప్లే స్టోర్ ఉండదు. గూగుల్ యాప్‌ల ప్యాకేజీ విడిగా వేసుకోవాలి, అది కూడా ఫోన్ మొదటిసారి బూట్ కాకముందే వేయాలి. గైడ్‌లో ఈ మాట స్పష్టంగా రాసి ఉంది. చదవకుండా బూట్ చేసేశాను. తర్వాత ప్యాకేజీ వేస్తే గూగుల్ సర్వీసులు వరసపెట్టి క్రాష్ అయ్యాయి. మళ్ళీ మొత్తం తుడిచి మొదటి నుంచి చేశాను. రోజూ ఆఫీసులో "డాక్యుమెంటేషన్ చదివారా?" అని జూనియర్లని అడిగేవాణ్ణి నేనే.

అమ్మకి నచ్చినవి

ఫోన్ ఆన్ చేసి ఇస్తే అమ్మ అన్న మొదటి మాట, "ఇందులో ఏమీ లేవేంట్రా?" నిజమే. ఫోన్, మెసేజ్‌లు, కెమెరా, గ్యాలరీ, బ్రౌజర్, ఇంకో నాలుగు. అంతే. ఆవిడకి కావాల్సిన యాప్‌లు మాత్రం వేశాను. నెల రోజుల్లో ఫోన్ తనంతట తాను ఒక్క యాడ్ నోటిఫికేషన్ కూడా పంపలేదు.

ఫోన్ కూడా వేగం పుంజుకుంది. వెనకాల నడిచే చెత్త పోయింది కదా. ఓఎస్ అప్‌డేట్లు క్రమం తప్పకుండా వస్తున్నాయి. ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ స్టోర్ నుంచి కొన్ని యాప్‌లు వేశాను. మ్యాప్‌లకి ఆర్గానిక్ మ్యాప్స్ పెట్టాను, నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

ఒక్క చిక్కు కీబోర్డ్. లినియేజ్‌తో వచ్చే కీబోర్డ్‌లో తెలుగు లేఅవుట్ ఉంది గానీ, ఇంగ్లీష్ అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారే సదుపాయం లేదు. అమ్మకి అదే అలవాటు. చివరికి గూగుల్ కీబోర్డే వేయాల్సి వచ్చింది. సిద్ధాంతం కోసం అమ్మని ఇబ్బంది పెట్టలేను.

అసలు దెబ్బ తగిలింది ఇక్కడ

మూడో రోజు ఫోన్. "ఫోన్ బాగానే ఉంది గానీ, పాలబ్బాయికి డబ్బులు ఎలా వెయ్యాలిరా?"

అమ్మ వాడే బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు. మీ డివైస్ సురక్షితం కాదని చెప్పి మూసుకుపోతోంది. కారణం ప్లే ఇంటిగ్రిటీ. పాత సేఫ్టీనెట్ స్థానంలో గూగుల్ తెచ్చిన వ్యవస్థ ఇది. యాప్ గూగుల్‌ని "ఈ ఫోన్ నమ్మదగిందేనా?" అని అడుగుతుంది. బూట్‌లోడర్ అన్‌లాక్ అయి ఉంటే, గూగుల్ సర్టిఫై చేయని ఓఎస్ ఉంటే "కాదు" అని జవాబు వస్తుంది. ఆ జవాబుతో ఏం చేయాలో యాప్ తయారుచేసినవాళ్ళ ఇష్టం.

ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళుగా ప్యాచ్ లేకుండా, దొంగ లోన్ యాప్‌ల యాడ్స్ చూపించిన ఓఎస్ బ్యాంకు యాప్‌కి సురక్షితం. తాజా ప్యాచ్‌లతో, ఏ చెత్తా లేని ఓఎస్ సురక్షితం కాదు!

కోపం చల్లారాక అవతలి పక్షం కూడా ఆలోచించాను. వాళ్ళ వాదనలో అర్థం లేకపోలేదు. అన్‌లాక్ అయిన ఫోన్ చేతికి చిక్కితే దానిలో మార్చిన ఓఎస్ వేయొచ్చు, యజమానికి వెంటనే తెలియకపోవచ్చు. ఇంకోటి, లినియేజ్ ఆండ్రాయిడ్ భాగాన్ని అప్‌డేట్ చేయగలదు గానీ, మోడెమ్ లాంటి వాటి ఫర్మ్‌వేర్ చిప్ కంపెనీ, ఫోన్ కంపెనీ ఇవ్వాల్సిందే. సెట్టింగ్స్‌లో వెండర్ సెక్యూరిటీ ప్యాచ్ తేదీ విడిగా కనిపిస్తుంది. అమ్మ ఫోన్‌లో అది ఇంకా పాత తేదీ దగ్గరే ఉంది. లినియేజ్ వేసేస్తే పాత ఫోన్ కొత్తదైపోతుందనేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

దీనికి ఇంటర్నెట్‌లో విరుగుడు దొరుకుతుంది. ఫోన్ రూట్ చేసి, కొన్ని మాడ్యూల్స్ వేసి, అన్‌లాక్ సంగతి యాప్‌లకి తెలియకుండా దాచొచ్చు. నా సొంత ఫోన్‌లో కాలేజీ రోజుల్లో ఇవన్నీ చేశాను. అమ్మ ఫోన్‌లో చేయలేదు. గూగుల్ అటు మారిస్తే మాడ్యూల్ ఇటు మారాలి, ఈ దొంగా పోలీసు ఆట ఎప్పటికీ ఆగదు. నేను మూడొందల కిలోమీటర్ల దూరంలో ఉంటాను. పైగా డబ్బులుండే ఫోన్‌కి రూట్ తలుపు తెరిచిపెట్టడం భద్రత కోసం మొదలుపెట్టిన పనికి పూర్తిగా వ్యతిరేకం.

చివరికి ఏం చేశామంటే, మూడు యూపీఐ యాప్‌లు వేసి చూశాం. రెండు మొండికేశాయి, ఒకటి పనిచేసింది. దానికి అమ్మ అసలు ఖాతా కాకుండా, ఇంటి ఖర్చులకి వాడే చిన్న ఖాతా మాత్రమే కలిపాం. అందులో ఎప్పుడూ ఐదారు వేలకి మించి ఉండవు. పెద్ద ఖాతా వ్యవహారాలు నాన్న ఫోన్‌లో. ఆ యాప్ కూడా రేపు ఏదో అప్‌డేట్‌తో ఆగిపోవచ్చని అమ్మకి ముందే చెప్పాను. అందుకే ఇంటర్నెట్ లేకుండా పనిచేసే *99# పద్ధతి కూడా నేర్పించాను. రెండుసార్లు వాడి, "ఇది మరీ పాతకాలం నాటిలా ఉందిరా" అంది.

మరి మీరు వేయాలా?

మీ దగ్గర సొరుగులో పడున్న పాత ఫోన్ ఉండి, మోడల్ అధికారిక జాబితాలో ఉంటే ఈ వీకెండే మొదలుపెట్టండి. నేర్చుకోవడానికి దీన్ని మించిన ప్రాజెక్ట్ లేదు. పిక్సెల్ ఉన్నవాళ్ళు గ్రాఫీన్ ఓఎస్ చూడండి. దాన్ని వేశాక బూట్‌లోడర్ మళ్ళీ లాక్ చేసుకోవచ్చు. అయినా కొన్ని పేమెంట్ యాప్‌లు ఒప్పుకోకపోవచ్చు.

మీకున్నది ఒక్కటే ఫోన్, అందులోనే జీతం ఖాతా అంటే మాత్రం వద్దు. బూట్‌లోడర్ జోలికి పోకుండా మధ్యే మార్గం ఒకటుంది. ల్యాప్‌టాప్‌కి కనెక్ట్ చేసి, ఏడీబీ ద్వారా కంపెనీ పెట్టిన అనవసరపు యాప్‌లని మీ యూజర్ ఖాతా నుంచి తీసేయొచ్చు. దీనికి యూనివర్సల్ ఆండ్రాయిడ్ డీబ్లోటర్ అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది. బ్యాంకు యాప్‌లు మామూలుగానే నడుస్తాయి, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అన్నీ వెనక్కి వస్తాయి. ఏది తీస్తున్నారో చదివి తీయండి. నాన్న ఫోన్‌కి నేను చేసింది ఇదే. పాత ప్యాచ్ సమస్య తీరదు గానీ, లోన్ ప్రకటనలు మాత్రం పోయాయి.

మొన్న ఫోన్ చేసినప్పుడు అమ్మ పక్కింటి పిన్నిగారి గురించి చెప్పింది. ఆవిడకీ ఫోన్‌లో లోన్ వచ్చిందని నోటిఫికేషన్ వచ్చిందట. "నేను చెప్పానురా, అది బ్యాంకు కాదు పిన్నీ, ఫోనే అలా అబద్ధాలు చెబుతుంది, నొక్కకు అని."

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ పిన్నిగారి ఫోన్ కూడా చూడాలట. కేబుల్ బ్యాగులో పెట్టుకున్నాను.