బండిలో వంటిల్లు: తూము శుభ్రత

పెనుకొండ చెంతనున్న ఎర్రమంచిలో 2019లో కియా సంస్థ కార్ల ఉత్పత్తి నారంభించినది. ఆ ప్రక్కగా సాగు 44వ జాతీయ రహదారిపై, వంటిల్లును వెంట గొనిపోవు ‘క్యాంపరు’ బండి యొకటి పోవుచున్నదనుకొందము. అందులోని సింకు తూము పూడినచో నేమి చేయవలెను? బిందెలకొలది నీరు కుమ్మరింప వీలులేదు. బండి మోయు నీరు మితము.

మేము మనవి చేయునది ఒక్కటే: కడుగుటకు ముందు తుడువుడు. ఇట్టి బండిలో గొట్టము సన్నము, వాలు స్వల్పము. రాగి సంగటి పిండియు, చల్లారి పేరుకొనిన నేయియు కలిసి గొట్టమును పట్టివేయును. కావున గిన్నె అడుగు గీకి, జిడ్డును పాత కాగితముతో తుడిచి చెత్తబుట్టలో వేయవలెను. తూముపై సన్నని జల్లెడ నుంచవలెను. అప్పుడప్పుడు సబ్బు కలిపిన వేడినీరు పోయవలెను. సలసల కాగు నీరు వలదు. ప్లాస్టికు గొట్టము చెడును. వంటసోడా, వెనిగరు కలిపినచో నురుగు వచ్చునే గాని, ఒకదాని గుణము నొకటి హరించుటచే గట్టిపడిన జిడ్డు కరగదు.

దుర్వాసన వచ్చినంతనే తూము పూడినదనరాదు. 1775లో అలెగ్జాండరు కమ్మింగు మరుగుదొడ్డికై పేటెంటు పొందిన వంపు గొట్టము వంటిదే పెక్కు సింకుల క్రింద నుండును. ఆ వంపులో నిలిచిన నీరే క్రింది వాసనను అడ్డును. ఎండలో నది ఇగిరిపోయినచో, గ్లాసెడు నీరు పోసిన చాలును.

కరవు సీమవారికి నీటి విలువ వేరుగ చెప్పనక్కరలేదు. తుడిచిన గిన్నె మిగిల్చిన చెంబెడు నీరు దారిలో దప్పిక దీర్చును.