దాచేపల్లి దుమ్ములో హార్డ్ డిస్క్

దాచేపల్లి, నడికుడి, పిడుగురాళ్ల వైపు దుమ్ము ఒక రకం కాదు. క్వారీల నుంచి, సున్నపు బట్టీల నుంచి తెల్లపొడి, పత్తి తీసే రోజుల్లో నూగు, కల్లాల్లో మిర్చి ఎండేటప్పుడు ఘాటు. ఇక్కడి ఎరువుల కొట్లో సీపీయూ డబ్బా విప్పితే ఫ్యాను రెక్కలకు ఇదంతా అట్ట కట్టి ఉంటుంది. పక్కనే ఉన్న హార్డ్ డిస్క్ లోపలికి మాత్రం చేరదు.

1956లో ఐబీఎం తెచ్చిన తొలి డిస్క్ యంత్రం రామాక్ బీరువా కంటే పెద్దది. అందులో 24 అంగుళాల బిళ్లలు 50, పట్టేది 50 లక్షల అక్షరాలు. డేటాను రాసే, చదివే హెడ్డు బిళ్లకు తగలకుండా కంప్రెసర్ గాలి ఊదేవారు. తర్వాత బిళ్లల కట్టను ఊడదీసి మార్చుకునే డ్రైవులొచ్చాయి. మార్చిన ప్రతిసారీ దుమ్ముకు దారి దొరికేది. 1973లో విన్‌చెస్టర్ అని పేరుపడ్డ ఐబీఎం 3340 హెడ్లనూ బిళ్లలనూ ఒకే పెట్టెలో పెట్టి మూసేసింది. ఇవాళ్టి హార్డ్ డిస్కులు ఆ వంశానివే.

నిమిషానికి 7200 చుట్లు తిరిగే బిళ్ల అంచు వేగం గంటకు 120 కిలోమీటర్లు దాటుతుంది. దానిపై హెడ్డు కొద్ది నానోమీటర్ల ఎత్తున గాలి పొరమీద తేలుతుంది. సిగరెట్ పొగ రేణువు కూడా ఆ సందులో దూరలేదు. సున్నపు నలుసు పడిందా, బిళ్ల గీసుకుపోతుంది. గీతలోంచి రాలిన పొడి మరికొన్ని గీతలు గీస్తుంది.

ఇంత చేసీ ఆ పెట్టెకు ఓ బెజ్జం ఉంచారు. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. హెడ్డు తేలడానికి గాలి కావాలి, మే నెల ఎండకు లోపలి గాలి వ్యాకోచిస్తే బయటపడే దారీ కావాలి. అందుకే బెజ్జం, దాని వెనక సన్నటి ఫిల్టరు, ‘మూయవద్దు’ అని పైన ఇంగ్లీషులో హెచ్చరిక. లోపల ఓ మూల బుల్లి దిండులాంటి ఇంకో ఫిల్టరుంటుంది. బిళ్లలు తిరిగితే పుట్టే గాలే లోపలి రేణువులను అందులోకి తోస్తుంది. 2013లో మార్కెట్లోకి వచ్చిన, గాలికి బదులు హీలియం నింపిన డ్రైవులకు ఆ బెజ్జమూ లేదు, వాటిని పూర్తిగా సీలు చేస్తారు.

కరెంటు కోతకూ ఉపాయముంది. సరఫరా ఆగినా బిళ్లలు కాసేపు తిరుగుతూనే ఉంటాయి. ఆ తిరుగుడుకు మోటారులో పుట్టే కాస్త కరెంటుతోనే హెడ్లు సురక్షితమైన చోటికి తప్పుకుంటాయి.

కనుక మన దుమ్ము డిస్కులోకి దూరి కాదు, ఫ్యానుకు అడ్డుపడి వేడి పెంచి పాడుచేస్తుంది. అప్పుడప్పుడూ మిషన్ ఆపి బ్లోయర్ పట్టాలి. నడుస్తున్న సీపీయూను ఈడ్చకూడదు. డిస్కులో టక్‌టక్‌మని చప్పుడు మొదలైతే వెంటనే స్విచ్ ఆపాలి. డేటా కావాలంటే దుమ్ము చొరని క్లీన్ రూమ్ ఉన్నవారికే ఇవ్వాలి. కొట్లో బల్లమీద మాత్రం దాని మూత విప్పనివ్వకండి.