బొమ్మ బరువెంత?



గన్నవరం విమానాశ్రయంలో సామాను తూచిన తరువాతే విమానంలోకి ఎక్కిస్తారు. మరి ఇంటర్నెట్‌లో పెట్టే బొమ్మను ఎవరైనా తూస్తున్నారా? మేము తూయలేదు, నష్టపోయాం. ఆ సంగతి మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మాది గన్నవరం దగ్గర. మా అమ్మ వెదురు దబ్బలతో గంపలు, తట్టలు, చేటలు అల్లుతుంది. వాటిని అమ్మడానికి అక్క ఒక వెబ్‌సైట్ తయారుచేసి 12 ఫోటోలు పెట్టింది. మామిడికాయల కాలంలో నూజివీడు వైపు తోట రైతు ఒకాయన గంపలు అడిగితే, "మా సైట్ చూడండి బాబాయ్ గారూ" అంది. ఆయన తోటలోనే ఫోన్ తెరిచాడు. "ఏంటమ్మాయ్, అంతా తెల్లగా ఉంది, ఏమీ రావట్లేదు" అన్నాడు. చూసి చూసి చివరికి ప్లాస్టిక్ ట్రేలు కొనుక్కున్నాడు. అమ్మ ఏమీ అనలేదు. గంపలు మాత్రం వసారాలోనే ఉండిపోయాయి.

తప్పు ఎక్కడ జరిగింది?

సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు లెక్క వేశాను. ఒక్కో ఫోటో 4 ఎంబీ. పన్నెండూ కలిపి 48 ఎంబీ, అంటే 384 మెగాబిట్లు. తోటలో సిగ్నల్ సెకనుకు 2 మెగాబిట్లే వస్తే 192 సెకన్లు పడుతుంది. మూడు నిమిషాల పైమాటే! అంతసేపు ఎవరు ఆగుతారు?

ఫోన్ తీసిన ఫోటో 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు. మా పేజీలో చూపేది 800 వెడల్పు, 600 ఎత్తు. అంటే 25వ వంతు చాలు! కాబట్టి మొదటి పని కొలత తగ్గించడం. రెండో పని సరైన రకం ఎంచుకోవడం.

ఏ బొమ్మకు ఏ రకం?

జేపెగ్: ఫోటోలకు మంచిది. 1992లో ప్రమాణంగా వచ్చింది. బొమ్మను 8×8 చుక్కల గళ్ళుగా విడదీసి, మన కంటికి ఆనని సన్నని తేడాలను వదిలేస్తుంది. దీనికి ఆధారమైన లెక్కను 1974లో ప్రచురించినవారు ముగ్గురు: బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. పేరు వింటేనే మనవాడనిపిస్తుంది కదూ! ఒక జాగ్రత్త: మార్చి మార్చి సేవ్ చేస్తే, జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు బొమ్మ చెడుతుంది. అసలు ఫోటో దాచుకోవాలి.

పీఎన్‌జీ: 1996లో వచ్చింది. ఏదీ వదలదు. "ఎరుపు, ఎరుపు, ఎరుపు" అని పదిసార్లు రాయకుండా "ఎరుపు పది" అని రాసుకున్నట్టు సర్దుతుంది. అక్షరాలున్న బొమ్మలకు బాగుంటుంది. ఫోటోలకు వాడితే బరువెక్కిపోతుంది.

ఎస్‌వీజీ: ఇది చుక్కలు దాచదు. "ఇక్కడి నుంచి అక్కడికి గీత గీయి" అని ముగ్గు వేసే పద్ధతి చెబుతుంది. ఎంత పెద్దది చేసినా మసకబారదు. గుర్తులకు, పటాలకు సరి.

వెబ్‌పీ: 2010లో గూగుల్ తెచ్చింది. అదే నాణ్యత గల జేపెగ్ కంటే 25 నుంచి 34 శాతం చిన్నదవుతుందని వాళ్ళ లెక్క.

ఏవీఫ్: 2019లో వచ్చింది. చాలాసార్లు ఇంకా చిన్నదవుతుంది. తయారవడానికి ఎక్కువసేపు పడుతుంది, పాత ఫోన్లలో తెరుచుకోకపోవచ్చు. అందుకని పక్కనే జేపెగ్ కూడా పెట్టి, ఏది తెరవగలిగితే అది తీసుకోమని పేజీలో రాయవచ్చు.

గూగుల్‌లో ముందుకొస్తామా?

పేజీలో కనబడే పెద్ద భాగం 2.5 సెకన్లలోపు వస్తే మంచిదని గూగుల్ అంటుంది. 2021 నుంచి ఇలాంటి కొలతలను కూడా వరుస నిర్ణయించడంలో చూస్తోంది. అయితే రకం మార్చినంత మాత్రాన మొదటి స్థానం రాదు. వెతికేవాడికి కావలసిన విషయం పేజీలో ఉండాలి. బొమ్మ పేరు ఏవో అంకెలు కాకుండా "వెదురు గంప" అని ఉండాలి. బొమ్మలో ఏముందో ఒక వాక్యం కూడా జోడించాలి. కళ్ళు కనబడనివారికి ఫోన్ ఆ వాక్యాన్నే చదివి వినిపిస్తుంది.

నేనూ అక్కా కూర్చుని 12 ఫోటోలనూ 800 వెడల్పుకు తగ్గించి వెబ్‌పీలోకి మార్చాం. ఒక్కోటి దాదాపు 100 కేబీ అయింది. అన్నీ కలిపి 1.2 ఎంబీ. అదే సిగ్నల్‌లో 5 సెకన్లు చాలు. కింది ఫోటోలు కిందికి జరిపినప్పుడే వచ్చేలా పెట్టాం కాబట్టి మొదటి గంప ఇంకా ముందే కనబడుతుంది.

వెతికితే మా పేజీ ఇంకా మొదట్లో రావడం లేదు. కానీ అమ్మ తన చిన్న ఫోన్‌లో తెరిచి, "అల్లిక కూడా కనబడుతోందే!" అంది. వచ్చే మామిడికాయల కాలానికి ఆ రైతుకే మళ్ళీ పంపిస్తాం.

మీ సందేహాలు కాగితం మీద రాసి ఈ పత్రిక కింద అంటించిన కవరులో వేయండి. వచ్చే సంచికలో జవాబు రాస్తాను.

— 10వ తరగతి విద్యార్థిని